కలం, సిరాలతో గీసిన పాత కవచ చిత్రాలు ఎక్కడివో గుర్తించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు, పుంగనూరు, మదనపల్లె, కార్వేటినగరం వైపు పాత ఇళ్లలో పెట్టెల అడుగున, తిరుపతిలో పాత పుస్తకాల అంగళ్లలో, అప్పుడప్పుడు కలం, సిరాలతో గీసిన కవచాల బొమ్మలు బయటపడుతుంటాయి. కొన్నిటిలో తల నుంచి కాలి వరకు ఇనుము తొడుక్కున్న ఐరోపా వీరుడు ఉంటాడు, కొన్నిటిలో మన దేశపు డాలు, శిరస్త్రాణం, గొలుసు చొక్కా ఉంటాయి. వాటిని చేతిలో పట్టుకుని వచ్చేవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

మా ఇంట్లో ఒక కవచం బొమ్మ దొరికింది. ముందుగా ఏం చూడాలి?

ముందుగా బొమ్మను తిప్పి వెనక వైపు చూడండి. బొమ్మ ముందు భాగం చిత్రకారుడు మనకు చూపించదలచుకున్నది. వెనక భాగంలో మాత్రం కాగితం చేసినవారు, అమ్మినవారు, పటం కట్టినవారు, దాచుకున్నవారు తెలిసో తెలియకో వదిలిన జాడలు ఉంటాయి. పెన్సిలుతో రాసిన నంబరు, పటం కట్టిన మద్రాసు అంగడి చీటీ, చిన్న రబ్బరు ముద్ర, జిగురు మరక, వేరే పుస్తకం నుంచి చించినట్టు ఒక అంచున కుట్టు రంధ్రాలు, ఇవన్నీ సాక్ష్యాలే. పటం విప్పాల్సి వస్తే వెనక అట్టను, చీటీలను పారేయకుండా బొమ్మతో పాటే భద్రపరచండి. చాలామంది చేసే నష్టం ఇక్కడే మొదలవుతుంది: కొత్త ఫ్రేము వేయించుకుని, పాత ఫ్రేముతో పాటు ఆ బొమ్మ చరిత్రను కూడా అంగడివాడికే వదిలేసి వస్తారు.

ఇది యుద్ధ కవచమా, దేవుడి కవచమా?

ఈ ప్రశ్న మన ప్రాంతంలోనే ఎక్కువగా వస్తుంది, రావడం సహజం కూడా. తిరుమలలో జ్యేష్ఠాభిషేకం మూడు రోజుల్లో మలయప్పస్వామికి వరుసగా వజ్రకవచం, ముత్యాల కవచం, స్వర్ణకవచం అలంకరిస్తారు. చిన్న ఆలయాల్లో కూడా మూలమూర్తికి వెండి తొడుగు చేయించే ఆనవాయితీ ఉంది. అలాంటి తొడుగు కోసం కంసాలి లేదా శిల్పి గీసుకున్న కొలతల బొమ్మను యుద్ధ కవచంగా పొరబడటం కష్టమేమీ కాదు.

తేడా పట్టుకోవడానికి కట్టుకునే ఏర్పాటు చూడాలి. మనిషి తొడుక్కునే కవచానికి తోలు పట్టీలు, బకిల్సు, మడతబందులు, చేతులు ఆడటానికి భుజాల దగ్గర ఖాళీ, నడుము వంగటానికి ఒకదానిపై ఒకటి జరిగే రేకులు తప్పనిసరిగా ఉంటాయి, చిత్రకారుడు వాటిని వదిలేసినా వాటి స్థానం కనిపిస్తుంది. మూర్తికి తొడిగే కవచం కదలనక్కర్లేదు. అది పూర్తిగా ఎదురు నుంచి, కుడి ఎడమలు సరిసమానంగా, మధ్యగీతకు ఇరువైపులా కొలిచి గీసి ఉంటుంది. హస్తముద్రలు, శంఖచక్రాలు, యజ్ఞోపవీతం గీత కూడా అందులోనే ఉంటాయి. కొలతలు శిల్పశాస్త్రపు అంగుళాల్లోనూ తాళాల్లోనూ ఉంటే సందేహమే అక్కర్లేదు.

మూడో రకం కూడా ఒకటుంది. పౌరాణిక నాటకాల దుస్తుల కోసం గీసిన బొమ్మల్లో భుజకీర్తులు, ఛాతీ పలకలు ఘనంగా ఉంటాయి, కానీ వీపు వైపు ఏముందో ఎక్కడా చూపరు, ఎందుకంటే ప్రేక్షకులకు అది అక్కర్లేదు.

ఇది నిజంగా చేతితో గీసినదేనా? అచ్చు కావచ్చు కదా?

కావచ్చు. మాకు చూపించేవాటిలో గణనీయమైన భాగం అచ్చులే. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టి, వెలుతురు ఒక పక్క నుంచి పడేలా చూడండి. కలంతో గీసిన గీత మొదట్లో కొంచెం చిక్కగా, చివర్లో సన్నగా, సిరా అయిపోయే చోట తెలిసేటట్టు ఉంటుంది. మళ్లీ సిరా ముంచుకున్న చోట రంగు ఒక్కసారిగా ముదురుతుంది. రెండు గీతలు దాటే చోట ఒకటి మరొకదానిపై నుంచి పోయిన సంగతి కనిపిస్తుంది. అచ్చులో ఈ ఎగుడుదిగుడులు ఉండవు, ఉన్నా అన్నీ ఒకే నలుపులో ఉంటాయి.

రాగిరేకు మీద చెక్కి తీసిన ఎన్‌గ్రేవింగు, ఎచింగు అయితే బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి దిగిన గుర్తు ఉంటుంది, గీతలు వేలికి కొంచెం ఉబ్బుగా తగులుతాయి. అయితే బొమ్మను అంచుల దాకా కత్తిరించి ఉంటే రేకు గుర్తు పోయి ఉంటుంది. జింకు బ్లాకుతో అచ్చయినవాటిలో గీత అంచున సిరా ఒత్తుకుని పేరుకున్న సన్నని గట్టు, కాగితం వెనక స్వల్పమైన ఒత్తిడి కనిపిస్తాయి. రాతి పలక మీద గీసి తీసే లితో అచ్చు చదునుగా ఉంటుంది కాబట్టి అదే ఎక్కువగా మోసం చేస్తుంది. చుక్కల వల కనిపిస్తే మాత్రం అది ఫోటో నుంచి తీసిన హాఫ్‌టోన్ అచ్చు, ఇక వెతకనక్కర్లేదు.

సిరా గోధుమరంగులో ఉంది. అంటే చాలా పాతదనేనా?

పాతదని చెప్పలేం, కానీ ఏ సిరానో ఊహించవచ్చు. ఐరోపాలో శతాబ్దాల పాటు రాతకూ గీతకూ వాడిన ఇనుపసిరాను మాచికాయల కషాయం, అన్నభేది అనే ఇనుప లవణం, తుమ్మబంక కలిపి చేసేవారు. కొత్తగా నల్లగా ఉండే ఈ సిరా కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. మాచికాయల్లోని ద్రవ్యం ఇనుముతో కలిసి నల్లబడటమే దీని కీలకం. శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి ఇది కొత్త విషయం కాదు: కరక్కాయ నీటిలో తడిపిన బట్ట మీద, ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టి తీసిన ద్రవంతో గీత గీస్తే అది నల్లబడేది ఇదే రసాయన కారణంతో.

ఇనుపసిరాకు మరో గుణం ఉంది. దానిలోని ఆమ్లం కాగితాన్ని తింటుంది. శిరస్త్రాణం కింది నీడలాగా గీతలు దట్టంగా అల్లిన చోట సిరా వెనక వైపుకు దిగి, గీత చుట్టూ గోధుమరంగు నీడ పరచుకుని, చివరికి అక్కడ కాగితం పగిలి ఊడిపోతుంది కూడా. ఇలాంటి పగుళ్లు ఉంటే అది ఇనుపసిరా అనే అభిప్రాయానికి మంచి బలం. నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ లైటు కింద ఈ సిరా కాగితం కంటే ముదురుగా, వెలిసిపోయిన గీతలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

దీపపు మసితో చేసే సిరా సంగతి వేరు. అది కార్బన్ కాబట్టి రంగు మారదు, కాగితాన్ని తినదు, ఎన్నేళ్లయినా నల్లగానే ఉంటుంది. మన దేశంలో రాతకు ఎప్పటి నుంచో వాడిన సిరా ప్రధానంగా ఇదే. రెండిటినీ వేరు చేయడానికి ప్రయోగశాలల్లో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా వాడతారు. ఆ కాంతిలో ఇనుపసిరా గీతలు పలచబడి మాయమవుతాయి, మసిసిరా గీతలు నల్లగానే నిలుస్తాయి.

గోధుమరంగు సిరాల్లో మరో రెండు తలచుకోవలసినవి ఉన్నాయి. కట్టెల పొగగూటి మసి నుంచి తీసే బిస్టర్‌ను పాత ఐరోపా చిత్రకారులు నీడలు పూయడానికి వాడేవారు. కటిల్ చేప సిరాతో చేసే సెపియా 18వ శతాబ్ది చివరి నుంచి ప్రచారంలోకి వచ్చింది. కాబట్టి సెపియా అని రుజువైన బొమ్మను 1500 నాటిదని చెప్పడం కుదరదు. ఊదా, నీలం రంగులకు తిరిగి వెలిసిన గీతలు కనిపిస్తే 1856లో మొదటి కృత్రిమ రంగు వచ్చిన తరువాతి కాలపు అనిలిన్ సిరా అయ్యే అవకాశం ఎక్కువ.

ఏ కలంతో గీశారో తెలుసుకోవడం వల్ల లాభం ఉందా?

ఉంది. పక్షి ఈక కలం మెత్తగా వంగుతుంది, గీత వెడల్పు మెల్లగా మారుతుంది, మొన అరిగినకొద్దీ గీతలు లావెక్కుతాయి. బర్మింగ్‌హామ్ కర్మాగారాలు 1820ల నుంచి భారీగా తయారుచేసిన ఉక్కు పాళీ గట్టిగా నొక్కినప్పుడు రెండుగా చీలి, గీతకు రెండు అంచుల్లో కాగితంలోకి దిగిన సన్నని గాట్లు వదులుతుంది. సిరా తక్కువైతే మధ్య ఖాళీగా, రెండు పట్టాల్లాగా కనిపిస్తుంది. పక్క వెలుతురులో ఈ గాట్లు కనిపిస్తే, బొమ్మలోని వీరుడు ఏ శతాబ్దం వాడైనా సరే, గీసిన చేయి 19వ శతాబ్దిలోనో ఆ తరువాతనో ఉందన్నమాట. ఈ ఒక్క పరీక్షే ఎన్నో ఆశలను తేల్చేస్తుంది.

నీడ గీతలు ఏ వైపు వాలాయో కూడా చూడండి. కుడిచేతివారి గీతలు సాధారణంగా పై కుడి నుంచి కింది ఎడమకు, ఎడమచేతివారివి దానికి ఎదురుగా వాలుతాయి. ఒకే చిత్రకారుడివని చెప్పే రెండు బొమ్మలను పోల్చేటప్పుడు ఇది పనికొస్తుంది.

కాగితం నుంచి ఏం తెలుస్తుంది?

అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం ఇదే. సిరాను పాత పద్ధతిలో ఇప్పుడు కూడా కాచుకోవచ్చు, పాత శైలిని అనుకరించవచ్చు, కానీ కాగితం పుట్టిన తేదీని మార్చడం అంత సులభం కాదు.

బొమ్మను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే కొన్ని కాగితాల్లో దగ్గర దగ్గరగా సన్నని గీతలు, వాటికి అడ్డంగా ఎడంగా మందమైన గీతలు కనిపిస్తాయి. తీగలు పేర్చిన అచ్చుమీద గుజ్జు ఎత్తి చేసిన ఈ కాగితాన్ని లెయిడ్ కాగితం అంటారు. గీతలు లేకుండా సమంగా కనిపించే వోవ్ కాగితాన్ని ఇంగ్లండులో జేమ్స్ వాట్‌మన్ 1750లలో తెచ్చాడు. కాబట్టి వోవ్ కాగితం మీది బొమ్మ అంతకంటే పాతది కాదు. అయితే లెయిడ్ కాగితం కనబడగానే అంతకంటే పాతదని తీర్మానించకూడదు, ఎందుకంటే ఆ కాగితం తయారీ ఎప్పుడూ ఆగలేదు, యంత్రాలతో దాన్ని అనుకరించడం కూడా జరిగింది.

వాటర్‌మార్కు ఉంటే అదృష్టం. విదేశాలకు పంపే కాగితంపై సుంకం వెనక్కి రావాలంటే దానిలో సంవత్సరం వేయాలని 1794లో బ్రిటన్ చట్టం చేసింది. అందువల్ల మద్రాసుకు ఓడల్లో వచ్చిన ఇంగ్లీషు కాగితాల్లో పేరు కింద సంవత్సరం కనిపించడం మామూలు. ఉదాహరణకు వాట్‌మన్ పేరు కింద 1811 అని ఉంటే ఆ బొమ్మ 1811కు ముందుది కాదు. ఆ తరువాత కొద్ది ఏళ్లలో గీసి ఉండవచ్చు, పెట్టెలో నిలువున్న కాగితం మీద ఇరవై ఏళ్లకు గీసినా ఆశ్చర్యం లేదు. వాట్‌మన్ పేరును ఐరోపా మిల్లులు కొన్ని దొంగతనంగా వాడుకున్నాయి కనుక అక్షరాల తీరును కూడా పోల్చాలి. టిటాగఢ్ మిల్లు గుర్తు ఉంటే 1880లకు ముందు మాట మరచిపోవచ్చు.

మన దేశంలో చేతితో చేసిన కాగితానికి సాధారణంగా వాటర్‌మార్కు ఉండదు. గంజి పూసి, రాయితో రుద్ది నునుపు చేసిన ఆ కాగితం ఒక పక్క మెరుస్తుంది. పసుపుబారి, మడిస్తే విరిగే కాగితం చెక్కగుజ్జుది. 1870ల తరువాత అది మార్కెట్టును ముంచెత్తింది. చివరగా, అల్ట్రావయొలెట్ లైటు కింద కాగితం నీలంగా మెరిస్తే అందులో 1950 ప్రాంతం నుంచి కాగితాల్లో కలుపుతున్న తెల్లదనపు రసాయనం ఉందని అర్థం. లైటు ఖరీదు ఒక పూట భోజనం కంటే పెద్దగా ఎక్కువ కాదు, కొనేముందు దాన్ని జేబులో వేసుకుని వెళ్లడం మంచిది.

బొమ్మలోని కవచం 15వ శతాబ్దిదని పుస్తకంలో చూశాం. బొమ్మ కూడా అప్పటిదేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. కవచం ఎక్కడిది అన్నది ఒక ప్రశ్న, బొమ్మ ఎక్కడిది అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికి ఒక్కటే తెలుస్తుంది: ఆ కవచం పుట్టకముందు బొమ్మ పుట్టలేదు.

కవచాలు వాడుకలో ఉన్న కాలంలో వాటి తయారీ కోసం గీసిన కలం చిత్రాలు లోకంలో చాలా కొద్దిగా మిగిలాయి, ఉన్నవి పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. మాక్సిమిలియన్ చక్రవర్తి వెండి కవచం కోసం ప్రసిద్ధ జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెష్ట్ డ్యూరర్ గీసిన, 1517 నాటివిగా గుర్తించిన నమూనాల్లో కొన్ని వియన్నాలోని ఆల్బర్టీనాలో ఉన్నాయి. ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ కాలంలో ఎతియెన్ దెలోన్ కవచాల నగిషీ కోసం గీసినవి మ్యూనిక్‌లో ఉన్నాయి. గ్రీనిచ్ కార్ఖానా మాస్టరు జేకబ్ హాల్డర్ పేరు మీద ఉన్న 16వ శతాబ్ది ఆల్బం లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇవి పనివారి బొమ్మలు. నగిషీ పట్టీ ఒక సగం గీసి రెండో సగం ఖాళీగా వదలడం, మోకాలి రేకును, మోచేతి రేకును విడివిడిగా గీయడం వీటిలో సాధారణం.

ఇళ్లలో దొరికేవి ఈ కోవకు చెందినవి కావు. 19వ శతాబ్దిలో ఇంగ్లండులో మధ్యయుగాల మీద మోజు పెరిగింది. వాల్టర్ స్కాట్ నవలలు చదివినవారు కవచాలు సేకరించడం మొదలుపెట్టారు. 1839లో స్కాట్లండులోని ఎగ్లింటన్‌లో పాతకాలపు గుర్రపు ద్వంద్వ పోటీలను ఆర్భాటంగా జరిపారు, వాన పడి అంతా బురదపాలయింది. శామ్యూల్ రష్ మేరిక్ 1824లో పాత కవచాలపై మూడు సంపుటాలు ప్రచురించాడు. ఆయన సేకరణను చూపుతూ జోసెఫ్ స్కెల్టన్ చెక్కిన పలకలు, అంటే అచ్చు బొమ్మల పేజీలు, 1830లో వెలువడ్డాయి. చిత్రకళ నేర్చుకునేవారు, సైన్యంలో కొలువు చేసే తీరిక దొరలు, ఇంట్లో బొమ్మలు వేసుకునే దొరసానులు ఈ పలకలను కలంతో తిరగరాసుకునేవారు. కాబట్టి మీ బొమ్మ ఏ పలకకు నకలో కనిపెట్టడమే చాలాసార్లు అసలు పని. మూల పలక దొరికితే ఆ పుస్తకం అచ్చయిన సంవత్సరమే మీ బొమ్మకు కింది హద్దు.

పడుకున్న వీరుడు రెండు చేతులూ జోడించి, కాళ్ల కింద సింహాన్నో కుక్కనో పెట్టుకుని ఉంటే అది కవచం చూసి గీసింది కాదు, ఇంగ్లండు చర్చిలోని సమాధి విగ్రహం చూసి గీసింది.

పుస్తకం అచ్చు కోసం గీసిన అసలు బొమ్మను ఎలా పోల్చుకోవాలి?

1880ల నుంచి కలం చిత్రాలను ఫోటో తీసి జింకు బ్లాకులుగా మార్చే పద్ధతి స్థిరపడింది. దాని కోసం చిత్రకారులు నున్నటి తెల్ల అట్ట మీద, చిక్కటి నల్ల సిరాతో, అచ్చులో రావలసిన సైజు కంటే పెద్దగా గీసేవారు. తప్పు గీతలపై తెల్ల రంగు పూసి సరిదిద్దేవారు. మార్జిన్లో నీలం పెన్సిలుతో ఇన్ని అంగుళాలకు తగ్గించాలని సూచనలు, బ్లాకు నంబరు, మూలల్లో గీతలు ఉంటాయి. బూడిదరంగు పూతలు అసలు ఉండవు, నీడంతా గీతలతోనే వేసి ఉంటుంది. ఈ లక్షణాలున్న బొమ్మ నకలు కాదు, ఏదో పుస్తకానికో పత్రికకో అసలు. చూడటానికి తెల్లమచ్చలతో ముతకగా ఉంటుందని ఇలాంటివాటిని తక్కువగా చూస్తారు. నా దృష్టిలో మన చుట్టుపక్కల దొరికేవాటిలో దాచుకోదగినవి ఇవే.

ఐరోపా కవచం ఏ దేశానిదో బొమ్మలో ఎలా తెలుస్తుంది?

స్థూలంగా చెప్పాలంటే, 15వ శతాబ్ది చివరి జర్మన్ కవచం సన్నగా, మొనదేలి, విసనకర్ర మడతల్లాంటి గీతలతో ఉంటుంది. అదే కాలపు ఇటలీ కవచం, ముఖ్యంగా మిలన్‌ది, నున్నగా, గుండ్రంగా, పెద్ద భుజాలతో ఉంటుంది. ఒళ్లంతా సమాంతరమైన గాడులున్నది మాక్సిమిలియన్ శైలి, 1500 నుంచి 1530 వరకు. పొట్ట దగ్గర ముందుకు పొడుచుకువచ్చి కిందికి వాలిన ఛాతీ పలక 16వ శతాబ్ది చివరిది.

ఎడమ కుడి తేడా గమనించడం మరచిపోకండి. బల్లెం ఆనించే కొక్కెం ఛాతీ పలకకు కుడివైపు ఉంటుంది. పోటీలో వీరులు ఎదుటివాడిని తమ ఎడమ పక్కకు వచ్చేలా దాటుతారు కాబట్టి ఎడమ భుజం రేకు పెద్దది, కుడి భుజం రేకులో బల్లెం పట్టడానికి వీలుగా గంటు ఉంటుంది. మీ బొమ్మలో కొక్కెం వీరుడి ఎడమవైపు ఉంటే ఆ బొమ్మ కుడి ఎడమలు తారుమారైన నకలు, అంటే తిరగబడిన అచ్చును చూసి గీసింది, లేదా తానే రేకు మీద చెక్కడానికి తిప్పి వేసుకున్నది. గీతలను ఏదో మొనతో అదిమిన జాడ, వెనక ఎర్ర సుద్ద రుద్దిన మరక ఉంటే రెండో అనుమానం బలపడుతుంది.

మన దేశపు కవచాల బొమ్మల సంగతి ఏమిటి?

ఛాతీకి, వీపుకు, రెండు పక్కలకు నాలుగు పలకలు పట్టీలతో కట్టుకునే చార్ ఆయినా, నెత్తిన మొన, ముక్కుకు అడ్డంగా జారే కమ్మీ, మెడ మీదికి వేలాడే గొలుసు వల ఉన్న కుల్లా ఖుద్, ముంజేతికి తొడిగే దస్తానా, ఇవి ఉత్తర భారత, దక్కను సేనల్లో వాడినవి, ఇరాన్‌తో పంచుకున్నవి. పత్తి దట్టంగా కుట్టిన అంగరఖా, దూది నింపిన తలపాగా వంటి శిరస్త్రాణం టిప్పు సుల్తాన్ సామగ్రితో ముడిపడి ప్రసిద్ధమయ్యాయి.

ఇలాంటి బొమ్మలకు మూడు పుట్టుకలు ఉండవచ్చు. మొదటిది, సర్వేలు చేసిన ఇంగ్లీషు అధికారుల దగ్గర పనిచేసిన చిత్రలేఖకుల పని. కావలి సోదరులను సహాయకులుగా పెట్టుకున్న కాలిన్ మెకంజీ ఈ ప్రాంతాలను సర్వే చేయించి, వందల బొమ్మలు వేయించాడు. వాటిలో ఎక్కువ కోటలు, ఆలయాలు, శాసనాలు. రెండోది, 1850లో అలెగ్జాండర్ హంటర్ స్థాపించిన మద్రాసు చిత్రకళా పాఠశాల విద్యార్థుల అభ్యాసం. 1851లో మొదలైన మద్రాసు మ్యూజియంలోని ఆయుధాలు, వాటిలో తంజావూరు కోట నుంచి వచ్చినవి కూడా, గీయడానికి అందుబాటులో ఉండేవి. మూడోది పుస్తకం నకలు: లండన్ ఇండియా మ్యూజియంలోని ఆయుధాలపై ఎగర్టన్ 1880లో వెలువరించిన సచిత్ర గ్రంథం, దాని 1896 విస్తరణ చాలామంది గీతలకు మూలమయ్యాయి. ఒకే కాగితం మీద రకరకాల ప్రాంతాల ఆయుధాలు నంబర్లతో వరుసగా పేర్చి ఉంటే మూడోదాన్ని మొదట అనుమానించండి.

జపాన్ కవచం బొమ్మ అయితే?

ముందు కలమా, కుంచెనా చూడండి. జపాన్‌లో గీసినది దాదాపుగా కుంచె పనే. ఉక్కు పాళీతో గీసిన సమురాయి ఐరోపా చేతిలో పుట్టి ఉంటాడు.

ఇంగ్లండు వీరుల బొమ్మలు చిత్తూరు జిల్లాకు ఎలా చేరాయి?

బ్రిటిషు కాలంలో ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరు ముఖ్యపట్టణంగా ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన తరువాత కూడా కలెక్టర్లు, జడ్జీలు, పోలీసు అధికారులు, మిషనరీలు వచ్చి కొంతకాలం ఉండి వెళ్లేవారు. బదిలీ అయినప్పుడు సామాను వేలం వేసేవారు. పుస్తకాలు, పటాలు, ఆల్బములు అలా స్థానికుల ఇళ్లకు చేరాయి. పుంగనూరు, కార్వేటినగరం వంటి జమీందారీ ఇళ్లకు మద్రాసు నుంచి ఐరోపా అలంకరణ సామగ్రి తెప్పించుకునే అలవాటు ఉండేది. వీటికి తోడు డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చున్న మన తాతల తరం కూడా అచ్చు నమూనాలు చూసి గంటల తరబడి గీసింది. కాబట్టి తాతగారి పెట్టెలో దొరికిన ఇంగ్లీషు వీరుడిని తాతగారే గీసి ఉండవచ్చు. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు, కుటుంబ చరిత్రకు అది డ్యూరర్ కంటే విలువైనది.

బొమ్మ మీద రాతలు, తేదీలు ఉన్నాయి. వాటిని ఎలా చదవాలి?

కొలతల భాష చూడండి. అంగుళాలకు ఇంగ్లీషు గుర్తు ఉందా, ఫ్రెంచి పూస్ అని ఉందా, జర్మన్ జోల్ అని ఉందా? ఫ్రాన్సులో 1840 నుంచి, జర్మనీలో 1872 నుంచి మీటరు లెక్కలు తప్పనిసరి అయ్యాయి. కోణాలు కోణాలుగా, అక్షరం పోల్చుకోలేనట్టు ఉండే చేతిరాత పాత జర్మన్ లిపి కావచ్చు.

తెలుగులో ఉంటే అక్షరాల తీరు చూడండి. వలపలగిలక, అరసున్న క్రమంగా వాడటం, అంకెలు తెలుగులో వేయడం పాత చదువుకు గుర్తులు. 1300 అన్న సంవత్సరం కనిపించి కంగారుపడేవారు ఉన్నారు. జమీందారీ కాగితాల్లో అది ఫసలీ లెక్క. దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, ఆ సంవత్సరం జూలైలో మొదలవుతుంది. ఫసలీ 1300 అంటే 1890–91.

బొమ్మ గీసిన సిరా, రాత రాసిన సిరా ఒకటేనా అన్నది కూడా భూతద్దంలో చూడాలి. సంతకం ఒకటే వేరే రంగులో ఉంటే దాన్ని నమ్మకండి. డ్యూరర్ ముద్రాక్షరాలను తరువాతి కాలంలో ఎవరెవరో ఎన్నో బొమ్మల మీద చేర్చారు. చిన్న ముద్ర ఉంటే అది సేకర్తదయ్యే అవకాశం ఉంది. అలాంటి ముద్రలను ఫ్రిట్స్ లుగ్ట్ 1921లో సంఖ్యలతో జాబితా చేశాడు, ఆ జాబితాను ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతకవచ్చు.

నకిలీ అని ఎప్పుడు అనుమానించాలి?

పాత పుస్తకాల్లోని ఖాళీ పేజీలు చించి వాటిపై గీసే మోసం ఉంది, అప్పుడు కాగితం నిజంగానే పాతది. అక్కడ పురుగు రంధ్రాలను ఆశ్రయించండి. గీసిన తరువాత పురుగు తొలిస్తే గీత రంధ్రం అంచు దగ్గర తెగి ఆగిపోతుంది. రంధ్రం ముందు ఉండి గీత తరువాత వస్తే సిరా ఆ రంధ్రం లోపలి అంచులోకి ఇంకి, చుట్టూ చిన్న నల్లటి వలయం కడుతుంది. మడతల దగ్గర కూడా అంతే: విరిగిన పీచులోకి సిరా పాకి ఉంటే ఆ మడత గీత కంటే పాతది. టీ నీళ్లతో ముదురు చేసిన కాగితం ముందూ వెనకా ఒకే రంగులో ఉంటుంది. నిజంగా పాతబడినది వెలుతురు, గాలి తగిలిన అంచుల్లో ఎక్కువ, ఫ్రేము కప్పిన చోట తక్కువ ముదురుతుంది.

ఇంట్లో శుభ్రం చేయవచ్చా?

వద్దు. నీళ్లు, నిమ్మరసం, బ్లీచింగు, సెల్లో టేపు, లామినేషను, అన్నీ వద్దు. ఇనుపసిరా బొమ్మకు తడి తగిలితే ఆమ్లం పక్కలకు పాకుతుంది. వానాకాలంలో గోడకు ఆనించకుండా, ఆమ్లం లేని కాగితపు కవరులో చదునుగా, బీరువా పైఅరలో ఉంచండి.

అమ్మవచ్చా? విదేశాల్లోని బంధువులకు పంపవచ్చా?

1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన చిత్రం పురావస్తువు కోవలోకి రావచ్చు. అలాంటివాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడం నిషిద్ధం. ఐరోపాలో గీసినదైనా ఇక్కడ ఉంది కాబట్టి ముందు భారత పురావస్తు శాఖను అడిగి, అవసరమైతే పురావస్తువు కాదనే ధ్రువపత్రం తీసుకోవాలి. వ్యాపారంగా అమ్మేవారికి లైసెన్సు ఉండాలి. కొరియరులో వేసి చూద్దాంలే అనుకోవడం తగదు.

ఎవరికి చూపించాలి, ఎలా పంపాలి?

చంద్రగిరి కోటలోని పురావస్తు శాఖ మ్యూజియం, తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థ దగ్గరలో ఉన్న చిరునామాలు. తెలుగు రాత, దేశీ కాగితం ఉన్నవాటికి రెండోది అనువు. దేవతా కవచాల బొమ్మలకు తిరుపతిలో శిల్పకళ బోధించే స్థపతులను అడగండి. ఐరోపా కవచాలైతే మద్రాసు మ్యూజియం ఆయుధాల విభాగాన్ని, లేదా విదేశీ మ్యూజియాల ఆయుధ విభాగాలను ఈమెయిలులో అడగవచ్చు.

ఫోటోలు పంపేటప్పుడు బొమ్మ మొత్తం ముందు వైపు, వెనక వైపు, కిటికీకి ఎదురుగా పట్టి తీసిన వాటర్‌మార్కు, పక్క వెలుతురులో దగ్గరగా తీసిన ఒక గీత, రాతలు, ముద్రలు, ఇవి విడివిడిగా ఉండాలి. ప్రతి ఫోటోలో ఒక స్కేలు పెట్టండి. కాగితం పొడవు వెడల్పు మిల్లీమీటర్లలో రాయండి, అది ఎవరి ఇంట్లో, ఏ పెట్టెలో, ఏ వస్తువుల మధ్య దొరికిందో రెండు వాక్యాల్లో చెప్పండి. మీ ఊహను మాత్రం ఉత్తరం చివర్లో, వివరాలన్నీ చెప్పిన తరువాతే రాయండి.